ఇంటి పెరట్లో కట్టిన స్పోర్ట్స్ కారు



పోయిన సంవత్సరము ఎండాకాలములో ఒక ఆదివారము, ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వెదుక్కొని వెళ్ళిపోతున్న సమయములో, మా సంఘములోని ఒక తాపీమేస్త్రి మాత్రము గుమ్మము దగ్గర ఆగిపోయాడు. చేతిలో నిలువుగా మడిచిన ఒక నోటుపుస్తకము ఉన్నది.

"అయ్యగారూ, మావాడికి మీరే ఒక మాట చెప్పాలండి. పాలిటెక్నిక్కు మూడో ఏడులోకి వచ్చాడు. పుస్తకం తెరిస్తే పాఠాల్లేవు, అన్నీ కారు బొమ్మలే. వాళ్ళమ్మ దాచుకున్న డబ్బుల్లో నాలుగు వేలు పట్టుకెళ్ళి ఇనప గొట్టాలు కొనుక్కొచ్చాడు. రేసు కారు కడతాడంట! మీరు చదువుకున్నోరు, మీ మాటైతే వింటాడు" అన్నాడు.

పుస్తకము తెరిచి చూశాను. బొమ్మలు పిచ్చి బొమ్మలు కావు. ప్రతి గీత ప్రక్కన మిల్లీమీటర్లలో కొలత వేసి ఉన్నది. నాకున్నది వేదాంత డిప్లొమా, సైకిలు పంక్చరు వేయడము తప్ప యంత్రముల సంగతి నాకు తెలియదు. తెలియని దాని గురించి 'వద్దు' అని చెప్పడము కూడ అబద్ధము వంటిదే గనుక, "ఒక నెల గడువు ఇవ్వు మేస్త్రీ, తెలుసుకొని చెబుతాను" అన్నాను. ఆ సాయంత్రము కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. వందనాలు చెప్పి, "ఇంగ్లండులో ఒక మాస్టారు 250 పౌన్లలో కట్టాడండీ. పుస్తకం కూడా రాశాడు. నేను కట్టాక మొదట మిమ్మల్నే ఎక్కిస్తానండీ" అన్నాడు. లోపల నుండి మా ఇంట్లోవారు నవ్వడము వినబడినది.

ఆ నెలలో నేను చదివి, అడిగి తెలుసుకొన్న సంగతులు ఇవి. మీ ఇండ్లలో కూడ ఇట్టి కుర్రవాడు ఉండవచ్చును గనుక వ్రాస్తున్నాను.

ఆ మాస్టారి పేరు రాన్ ఛాంపియన్. ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైరు ప్రాంతములో ఔండిల్ అనే చిన్న పట్టణమున్నది. అక్కడి పాఠశాలలో పిల్లలకు లేతు, వెల్డింగు వంటి పనులు నేర్పే వర్క్‌షాపులు వంద సంవత్సరములకు పైగా ఉన్నాయి. శాండర్సన్ అనే ప్రధానోపాధ్యాయుడు 1892 మొదలు 1922 వరకు అక్కడ ఉండి, పుస్తకము చదివే పిల్లవాడి చేతికి పనిముట్టు కూడ అందాలని పట్టుబట్టి వాటిని పెట్టించాడు. ఛాంపియన్‌గారు పని చేసినది ఆ పాఠశాలలోనే. తన విద్యార్థులు కట్టగలిగే ఒక చిన్న స్పోర్ట్స్ కారుకు నమూనా తయారుచేసి, 1996లో పుస్తకముగా వెలువరించారు. 250 పౌన్లంత తక్కువ ఖర్చుతో మీ స్పోర్ట్స్ కారు మీరే కట్టుకోండి అన్నది ఆ పుస్తకము పేరులోని భావము. ఆ నాటి మారకపు ధరలో అది పదమూడు పద్నాలుగు వేల రూపాయలు. ఆ కార్లకు 'లోకాస్ట్' అనే పేరు స్థిరపడినది. తక్కువ ఖర్చు అని ఒక అర్థము. 'లోటస్' అనే పేరుకు దగ్గరగా పలకడము రెండవ చమత్కారము.

లోటస్ అంటే మన తామర పువ్వే. ఆ పేరుతో కార్ల కంపెనీ పెట్టిన కాలిన్ చాప్‌మన్ 1948లో తన మొదటి కారును ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారు నుండి కట్టాడు. అప్పటికి ఆయన లండనులో కట్టడముల ఇంజనీరింగు చదివే విద్యార్థి. తరువాత కంపెనీ మొదలైనది కూడ తండ్రిగారి హోటలు వెనుకనున్న పాత గుర్రపుశాలలోనే. 1957లో ఆయన తెచ్చిన లోటస్ సెవెన్ అనే కారు ఈ కథకంతటికీ మూలము. తలుపులు లేవు, పైకప్పు గుడ్డది, ముందు చక్రములు బయటికి కనబడుతూ ఉంటాయి. ఇద్దరు నేలకు జానెడు ఎత్తున కూర్చోవాలి. మొదటి రకములో ఉన్నది 40 హార్సుపవరు ఫోర్డు ఇంజను మాత్రమే. అయినా మలుపుల్లో పెద్ద కార్లను వెనుకకు నెట్టేది.

దానిని విడిభాగములుగా కొని ఇంటి దగ్గర బిగించుకొనేవారు. ఆ రోజుల్లో బ్రిటనులో పూర్తి కారు కొంటే కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగములకు ఉండేది కాదు. అయితే ఎలా బిగించాలో చెప్పే కాగితము ఇవ్వకూడదని నిబంధన. కంపెనీవారు ఎలా విప్పాలో వ్రాసిన కాగితము ఇచ్చారనీ, కొన్నవారు దానిని కింద నుండి పైకి చదువుకొన్నారనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. 1973లో ఆ పన్ను పోయి కొత్త పన్ను వచ్చింది, ఆ లాభము పోయింది. అదే సంవత్సరము ఆ కారును తయారుచేసే హక్కు కేటరామ్ అనే సంస్థకు వెళ్ళింది. వారు నేటికీ దాని రూపము మార్చకుండా తయారుచేస్తున్నారు.

ఛాంపియన్‌గారి పుస్తకమును అచ్చు వేసినది హేన్స్ సంస్థ. దాని స్థాపకుడు జాన్ హేన్స్ కథ తల్లిదండ్రులు వినదగినది. ఆయన బడిలో చదివే రోజులలో రగ్బీ ఆట బదులు ఆ సమయము తన పాత ఆస్టిన్ సెవెన్ మీద గడపనివ్వమని ప్రధానోపాధ్యాయుని ఒప్పించుకొన్నాడు. దానిని స్పోర్ట్స్ కారుగా మార్చి, ఎలా మార్చాడో చిన్న పుస్తకముగా వ్రాసి 250 ప్రతులు వేస్తే పది రోజులలో అమ్ముడైపోయాయి. తరువాత ఆయన పెట్టిన సంస్థ ఒక్కొక్క కారును పూర్తిగా విప్పి, మరల బిగించి, ఫోటోలు తీసి మరమ్మతు పుస్తకములు వేసి లోకమంతట అమ్మింది. 2019లో మరణించాడు. మేస్త్రికి ఈ సంగతి చెప్పాలని ఆ రోజే గుర్తు పెట్టుకొన్నాను.

ఇంతకూ అంత తక్కువలో ఎలా అవుతుంది? నాకు మొదట అనుమానమే. ఆలోచిస్తే కిటుకు బరువులో ఉన్నది. మనకు తెలిసిన మారుతి 800 తీసుకోండి. 37 హార్సుపవరు, 650 కిలోలు. అంటే ఒక్కొక్క హార్సుపవరు పదిహేడు కిలోల పైన లాగాలి. ఇంగ్లండులో అప్పట్లో వీధి వీధికీ ఉన్న ఫోర్డు ఎస్కార్ట్ కారు సుమారు 900 కిలోలు, దాని 1300 సి.సి. ఇంజను 57 హార్సుపవరు. వంతుకు పదహారు కిలోలు. ఆ ఇంజనునే తీసి, 550 కిలోల లోకాస్టులో పెడితే వంతుకు పది కిలోల లోపే. ఎద్దులు అవే, బండిలో బస్తాలు దించేశారు! గనుక ఖరీదైన ఇంజను కొననక్కరలేదు. బరువు తగ్గితే బ్రేకులకూ టైర్లకూ కూడ పని తగ్గుతుంది. స్పోర్ట్స్ కారు అంటే డబ్బున్నవారి కారు అనుకొనేవాడిని. ఇది మాత్రము లేనివాటితో పరుగెత్తే కారు.

ఎస్కార్టునే ఎందుకు ఎన్నుకొన్నారంటే, 1980 వరకు వచ్చిన వాటిలో ఇంజను ముందు నిలువుగా ఉండి, గేరుబాక్సు దాని వెనుక, అక్కడ నుండి షాఫ్టు ద్వారా వెనుక చక్రములు తిరిగేవి. లోటస్ సెవెన్ అమరిక కూడ అదే. రేకు తుప్పు పట్టి పోయినా లోపలి యంత్రము బాగుండే పాత కార్లు ఆ రోజులలో దాదాపు ఊరికే దొరికేవి. దాని ఇంజను, గేరుబాక్సు, వెనుక హౌసింగు, స్టీరింగు ర్యాకు, వైరింగు అన్నీ ఈ కారులోనికి వెళతాయి. ముందు చక్రములను పట్టుకొనే నకిల్ ముక్కలు మాత్రము ఫోర్డు కార్టినాలోవి. మిగిలిన తలుపులు, అద్దాలు, బానెట్టు అమ్ముకుంటే కొంత డబ్బు తిరిగి వస్తుంది. కట్టినవాని కూలి లెక్కలో లేదు. అక్కడ వారు లెక్క వేయరు గాని ఇక్కడ మనము వేయాలి. సాయంత్రములు, ఆదివారము కాని సెలవులు అన్నీ కలిపితే ఏడాది రెండేండ్లు సులువుగా పోతాయి.

ఇక కట్టే విధానము. ఇక్కడ నేను నెలలో ఎక్కువ రోజులు గడిపాను, ఎందుకంటే నాకు అన్నిటికంటె నచ్చినది ఇదే.

కారు అస్థిపంజరము 25 మిల్లీమీటర్ల నలుచదరపు ఇనుప గొట్టముతో చేస్తారు. గోడ మందము 1.6 మిల్లీమీటర్లు, అంటే 16 గేజి. మన గేట్లకు, కిటికీ గ్రిల్లులకు వాడే స్క్వేర్ పైపే. మీటరు 1.2 కిలోలు తూగుతుంది. 50 మీటర్లు కలిపినా 60 కిలోలు. రెండు బియ్యపు మూటలంత గొట్టము ఇద్దరు మనుషులనూ ఇంజనునూ ఎలా మోస్తుంది? నాలుగు వెదురు బద్దలు తీసుకొని మూలల్లో దారముతో కట్టి చతురస్రము చేయండి. పక్కకు తోస్తే ఒరిగిపోతుంది. మూల నుండి మూలకు అయిదవ బద్ద కట్టండి. ఇక ఎంత తోసినా కదలదు. త్రికోణము ఒరగదు. రేకుల షెడ్డుకు వేసే ట్రస్సులో ఉన్నది ఇదే సూత్రము. చాప్‌మన్ కట్టడముల ఇంజనీరింగు చదివినవాడు గదా, ఇంటి కప్పు నిలబెట్టే తెలివిని కారులో పెట్టాడు అనిపిస్తుంది నాకు.

ముందుగా ఒక చదునైన ప్లైవుడ్ బల్ల మీద కారు అడుగుభాగమును అసలు కొలతలతో గీస్తారు. గీతల ప్రక్కన చిన్న చెక్కదిమ్మలు కొట్టి, కోసిన గొట్టములను వాటి మధ్య పెడతారు, కదలకుండ. మూలలలో ఒక్కొక్క చుక్క మాత్రమే వెల్డింగు వేస్తారు. దానిని ట్యాకింగు అంటారు. తరువాత మూల నుండి ఎదుటి మూలకు టేపు పట్టి రెండు కొలతలూ సమానమా అని చూస్తారు. ఇంటి పునాదికి దారము కట్టేటప్పుడు మన మేస్త్రులు చేసేదే. తేడా ఉంటే చుక్కలు కోసివేసి మరల పెట్టాలి. సరిగా వచ్చిన తరువాతనే పూర్తి అతుకు. అది కూడ ఒక్క వైపే వేసుకుంటూ పోకూడదు. అతుకు చల్లారేటప్పుడు ఇనుము ముడుచుకొని గొట్టమును తన వైపు లాగుతుంది గనుక, ఇక్కడ కొంచెము, ఎదుటి మూలలో కొంచెము, అలా మార్చి మార్చి వేయాలి.

ముందు చక్రములకు పైన ఒకటి, క్రింద ఒకటి రెండు కొమ్ముల చేతులు ఉంటాయి. కోడి రొమ్ము దగ్గర చీలిన ఎముక ఉంటుంది చూశారా, ఆ ఆకారము. ఇంగ్లీషువారు దానికి ఆ ఎముక పేరే పెట్టి విష్‌బోన్ అన్నారు. ఇవి ఇంట్లోనే చేస్తారు. వెనుక హౌసింగును కమాన్ కట్టల మీద కాకుండ, ముందుకూ వెనుకకూ జరగకుండ నాలుగు రాడ్లతో, పక్కలకు ఊగకుండ అడ్డముగా ఒక రాడ్డుతో పట్టి, స్ప్రింగు తొడిగిన షాకబ్జర్ల మీద నిలబెడతారు. షాఫ్టును పొట్టి చేయించాలి. ఈ పని తెలిసిన లేతు షాపులోనే చేయించి బ్యాలెన్సు చూపించాలి, లేకపోతే వేగము అందుకోగానే బండి అంతా వణుకుతుంది. పైన తొడుగు అల్యూమినియము రేకు, రివెట్లతో. ముందు ముక్కు, మడ్‌గార్డులు ఫైబరు. మన తీరములో జాలరులు వేటకు తీసుకెళ్ళే ఫైబరు తెప్పల వంటి పనే. సీట్లు చెక్క మీద స్పాంజి వేసి కుట్టుకోవచ్చును.

అన్నీ చవకగా చేయవచ్చునని చెబుతున్నానని అనుకోకండి. నాకు ఒక పాత గాయము ఉన్నది.

ఇరవై ఏండ్ల క్రిందట నా పినతండ్రి కుమారుడు ట్రాక్టరు ట్రక్కు మీద వరి బస్తాలు వేసుకొని కాలువ గట్టు మీద వస్తున్నాడు. ట్రక్కును ట్రాక్టరుకు తగిలించే కొక్కెము దగ్గర అంతకు ముందు వారమే వెల్డింగు చేయించారు. ఎక్కడ చేయించారన్నది ఇక్కడ అవసరము లేదు. అతుకు పైకి లావుగా, నున్నగా ఎంతో అందముగా ఉన్నది, నేను కూడ చూశాను. ఒక గతుకులో ఊడిపోయింది. ట్రక్కు గట్టు క్రిందకు దొర్లింది. మా తమ్ముని ఎడమ కాలు మోకాలి క్రింద వరకు తీసివేశారు. తరువాత ఊడిన ముక్క చూపించిన పెద్ద మెకానిక్కు చెప్పిన మాట నాకు మరపురాదు. కరిగిన లోహము రెండు ముక్కల లోపలికి దిగలేదట. పైన పేరుకొన్నదట, మంచు గడ్డలా.

గనుక కుర్రవాడితో నేను ముందు అడిగినది వెల్డింగు గురించే. 1.6 మిల్లీమీటర్ల గొట్టము మీద మామూలు రాడ్డు వెల్డింగు పెడితే చేయి తిరగనివానికి చిల్లులు పడతాయి. చిల్లు పడుతుందని భయపడి కరెంటు తగ్గిస్తే లోపలికి దిగదు. రెండూ ప్రమాదమే. వైరు దానంతట అదే వచ్చే సి.ఓ.టు. వెల్డింగు ఈ పనికి మేలు అని తెలిసినవారు అంటారు. ముందు అదే గొట్టపు ముక్కలు రెండు అతికి, వైసులో బిగించి సుత్తితో వంచాలి. అతుకు దగ్గర ఊడితే ఇంకా నేర్చుకోవాలి. గొట్టము వంగి అతుకు నిలబడితే చేయి కుదిరినట్టు. ఇట్లా పాతిక ముక్కలు విరగగొట్టాక గాని అసలు పని మొదలుపెట్టకూడదు.

ఇంకొక సంగతి. అతడు కొన్న గొట్టములలో కొన్ని నీళ్ళకు వాడే జి.ఐ. పైపులు! జింకు పూత ఉన్న ఇనుమును వెల్డింగు చేస్తే తెల్లని పొగ వస్తుంది. అది పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరము వస్తుంది. కొట్టువానిని బ్రతిమాలి మార్చుకొని రమ్మన్నాను. సగము డబ్బుకే మార్చాడు, అది వేరే విషయము.

బ్రేకు గొట్టములు, బ్రేకు మాస్టరు, స్టీరింగు జాయింట్లు, టైర్లు, సీటు బెల్టులు, ఇవి పాతవి వాడకూడదు. కొత్తవే కొనాలి. సీటు బెల్టును రేకుకు కాదు, అస్థిపంజరమునకే బిగించాలి. ఒక్క రూపాయి కూడ తగ్గించకూడని జాబితా ఇది. చవక కారు కట్టినవారిలో తెలివైనవారు తమ డబ్బంతా ఇక్కడే పెట్టారు.

250 పౌన్ల లెక్క ఇప్పుడు చెల్లదు. ఆ పాత ఎస్కార్టులు ఇంగ్లండులో ఇప్పుడు ముచ్చటపడి దాచుకొనే వస్తువులయ్యాయి, వాటి ధర ఆకాశమునంటింది. 1980 తరువాత వచ్చిన ఎస్కార్టులో ఇంజను అడ్డముగా ఉండి ముందు చక్రములు తిరుగుతాయి, ఈ పనికి సరిపడదు. గనుక కట్టేవారు ఫోర్డు సియెర్రాకు మారారు. 2007లో హేన్స్ వారే క్రిస్ గిబ్స్ అనే ఆయన చేత సియెర్రా భాగములతో కట్టే కొత్త పుస్తకము వేయించారు. సియెర్రాలు కూడ కరువై ఇప్పుడు జపాను వారి మజ్దా ఎం.ఎక్స్-5 మీద పడ్డారు. ఏ ఊరిలో, ఏ కాలములో, ఏది అందరూ పారేస్తున్నారో అదే చవక. ఇంగ్లండు పుస్తకము పట్టుకొని ఇక్కడ ఎస్కార్టు వెదికితే దొరకదు. మన వైపు వెనుక చక్రములు తిరిగే పాత బండి అంటే మారుతి ఓమ్ని, లేదా అంబాసిడరు. ఓమ్ని 2019లో, అంబాసిడరు 2014లో ఆగిపోయాయి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట వాటి సామాను దొరుకుతుంది. అయితే పాత బండి కొనేటప్పుడు కాగితములు అడగండి. కాగితము లేని ఇంజను చవకగా ఎందుకు వస్తున్నదో మీకే తెలుసు.

ఇక్కడ అన్నిటికంటె బరువైన విషయానికి వస్తున్నాను. కారు కట్టవచ్చును. రోడ్డు మీదికి తీసుకురావచ్చునా?

ఇంగ్లండులో దీనికి ఒక దారి ఉన్నది. ఇంట్లో కట్టిన కారును ప్రభుత్వ పరీక్షాకేంద్రమునకు తీసుకొనిపోతారు. 1998 నుండి ఈ పరీక్ష ఉన్నది, 2009లో పేరూ పద్ధతీ మారి మరి కఠినమైనది. బ్రేకులు, దీపములు, పొగ, బెల్టులు, అద్దములు, స్పీడు ముల్లు, ఒకటేమిటి అన్నీ చూస్తారు. ఎదుటివానికి తగిలితే కోసుకొనే పదునైన అంచు బయట ఎక్కడ ఉన్నా ఒప్పుకోరు. అంచు గుండ్రదనమును మిల్లీమీటర్లలో కొలుస్తారు. మొదటిసారే నెగ్గేవారు అదృష్టవంతులు. నెగ్గితే నంబరు ఇస్తారు. 750 మోటార్ క్లబ్బు అనే పాత సంఘము ఈ లోకాస్టులకే ప్రత్యేకముగా పందెములు కూడ నడిపింది. 1939లో ఆస్టిన్ సెవెన్ ప్రియులు పెట్టుకొన్న క్లబ్బు అది. చాప్‌మన్ కూడ ఒకప్పుడు అందులోనివాడే.

మన దేశములో ఆ దారి లేదు. 1989 నాటి మోటారు వాహన నియమముల ప్రకారము ఏ కొత్త నమూనా అయినా పూనాలోని ఎ.ఆర్.ఎ.ఐ. వంటి సంస్థలో పరీక్షలు నెగ్గాలి. అది కంపెనీల కొరకు ఏర్పడిన పద్ధతి, ఒక్క బండి కట్టిన మేస్త్రి కొడుకు ఖర్చు భరించలేడు. పోనీ ఉన్న బండినే మార్చుదామంటే, 1988 చట్టము 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన రూపమును మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడ అదే చెప్పింది. రిజిస్ట్రేషను లేని బండికి ఇన్సూరెన్సు ఉండదు. ఎవరికైనా తగిలితే ఆ తండ్రి ఉన్న ఇల్లు అమ్మినా నష్టపరిహారము తీరదు. యౌవనస్థులారా, ఊరి రోడ్డే గదా, పోలీసు లేడు గదా అనుకోవద్దు. ఊరి రోడ్డు మీద నడిచేది మీ బంధువులే.

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా, దేవ్‌రాష్ట్రే గ్రామములో దత్తాత్రేయ లోహార్ అనే కమ్మరి సోదరుడు పాత సామానుతో ఒక చిన్న జీపు కట్టాడు. అరవై వేలు ఖర్చయినదని పత్రికలు వ్రాశాయి. స్కూటరుకు వలె కిక్కు కొట్టి స్టార్టు చేయాలి. 2021 డిసెంబరులో ఆ వీడియో చూసిన ఆనంద్ మహీంద్రాగారు, ఈ బండి నిబంధనలకు సరిపోదు, అధికారులు ఎప్పటికైనా ఆపుతారు, దీనికి బదులు బొలెరో ఇస్తాను అన్నారు. మరుసటి నెల ఇచ్చారు. మెచ్చుకోలులోనే నిజము కూడ ఉన్నది. అట్టి అవకాశము అందరికీ రాదు. హైదరాబాదు బహదూర్‌పురాలో కె. సుధాకర్‌గారు బూటు, బ్యాటు, కప్పు ఆకారములలో తాను కట్టిన నడిచే కార్లతో 2010లో మ్యూజియమే పెట్టారు. పిల్లలతో హైదరాబాదు వెళ్ళినప్పుడు చూడదగినది.

స్పోర్ట్స్ కారు మీదే మనసున్నవారికి రోడ్డు కాని చోట దారి ఉన్నది. కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ అనే ఆయన మన దేశపు మారుతి ఇంజనుతోనే ఒక్కరు కూర్చొనే పందెపు కార్లు కట్టించాడు, విదేశీ కార్లు కొనలేని కుర్రవారి కొరకు. ఆయన 1995లో విమాన ప్రమాదములో మరణించాడు. ఆ ఊరిలోని పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ తన పందెములు మారుతి ఇంజను కార్లతోనే మొదలుపెట్టాడు. మరియు 2007 నుండి బాజా అనే పేరుతో ఇంజనీరింగు విద్యార్థుల పోటీలు నడిచాయి. గొట్టములతో బండి కట్టడము, పరీక్షకులకు లెక్కలు చూపడము, మూసిన బాట మీద నడపడము, ఇదే వాటిలో పని.

నెల గడువు తీరింది. మేస్త్రినీ కుర్రవానినీ కలిపి మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాను. వెల్డింగు సంగతి, చట్టము సంగతి, హేన్స్‌గారి కథ అన్నీ చెప్పాను. కుర్రవాని ముఖము చట్టము దగ్గర వాడిపోయింది. "రోడ్డెక్కకపోతే ఇంకెందుకండీ" అన్నాడు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా ఇంట్లోవారు టీ తెచ్చారు. తుదకు కుదిరిన ఒప్పందము ఇది: అస్థిపంజరము మాత్రము కట్టి కాలేజీలో ఆఖరి సంవత్సరపు ప్రాజెక్టుగా చూపాలి, ఇంజను మాట డిప్లొమా చేతికి వచ్చాకే, తల్లి డబ్బు నాలుగు వేలు శనివారములు గ్రిల్లుల షాపులో పని చేసి తీర్చాలి. కాలేజీలో వర్క్‌షాపు మాస్టారు సరే అన్నారు.

డిసెంబరులో ఒక సాయంత్రము ప్రార్థనకు వెళుతూ వారి ఇంటి ముందు ఆగాను. పెరట్లో రేకుల క్రింద ప్లైవుడ్ బల్ల, దాని మీద గొట్టములు చుక్కలు వేసి నిలబడి ఉన్నాయి. ప్రక్కన డబ్బాలో సుత్తి దెబ్బలకు వంగిన ముక్కలు. మేస్త్రి అప్పుడే పని నుండి వచ్చాడు, కాళ్ళకు సిమెంటు ఇంకా ఉన్నది. బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. జేబులో నుండి టేపు తీసి ఒక కొన కొడుకు చేతికిచ్చి ఎదుటి మూలకు నడిచాడు. చూశాడు. రెండవ మూల పట్టాడు. కళ్ళు చిట్లించి మరల చూశాడు.

"రెండు నూళ్ళు తేడా ఉందిరా. ఆ చుక్కలు కోసెయ్యి, నేను పట్టుకుంటాను" అన్నాడు.

కుర్రవాడు గ్రైండరు అందుకొన్నాడు. నాకు ప్రార్థనకు ఆలస్యమవుతున్నది గనుక సైకిలు ఎక్కాను.